బ్లేడు నుంచి మొక్కై దాకా

మద్రాసులోని మా బడిలో పాఠాలు తెలుగులో విన్నా, ఆ పాఠం విసుగు పుట్టిస్తే చెప్పుకోవడానికి మాట మాత్రం మద్రాసు వీధుల నుంచే తెచ్చుకునేవాళ్లం. 1980లలో మా బ్యాచి మాట ‘బ్లేడు’. ఎవరైనా ఆపకుండా మాట్లాడి ప్రాణం తీస్తే బ్లేడు వేస్తున్నట్టు. అది ముదిరితే ‘రంపం’. నవ్వు రాని హాస్యానికి ‘కడి జోకు’. తమిళంలో కడి అంటే కొరకడం. మా తరువాతి వాళ్లకు ఇవన్నీ పాతబడి ‘మొక్కై’ వచ్చింది. మొక్కై అంటే మొద్దుబారినది, పదును లేనిది. పదునైన వస్తువులన్నీ అయిపోయాక పదును పోయినదాన్ని పట్టుకున్నారన్నమాట. నన్నడిగితే అన్నిటిలోకీ తెలివైన మాట అదే. మొండి కత్తితో కోయించుకోవడం కంటే నరకం ఏముంటుంది?

అప్పట్లో ఆంధ్రలోని మా బంధువుల పిల్లలు ‘సుత్తి’ అనేవారు. 1982లో వచ్చిన జంధ్యాల సినిమాతో ఆ పనిముట్టు విసుగుకు మారుపేరై, హాస్యనటులు వీరభద్రరావు, వేలు గార్లకు ఏకంగా ఇంటిపేరైపోయింది. వేసవి సెలవులకు వెళ్తే మా రంపానికీ వాళ్ల సుత్తికీ పోటీ.

బ్లేడు మా తరగతిలో ఎలా పోయిందో నాకు బాగా గుర్తు. లెక్కల మాస్టారు ఒకరోజు సగం పాఠంలో ఆగి, “ఏమర్రా, బ్లేడు వేస్తున్నానా?” అని నవ్వుతూ అడిగారు. అంతే, ఆ తరువాత ఆ మాట అనడానికి మాకే చిన్నతనమనిపించింది. ఆయన చెవిన పడకూడదనే కదా దాన్ని వాడింది!

మన తెలుగు మాటలూ మద్రాసు వీధుల్లో ఇలాగే మారుతూ వచ్చాయి. ‘నాయన’ మద్రాసు తమిళంలో ‘నైనా’ అయి, తండ్రినే కాక దారిన పోయేవాళ్లను పిలవడానికీ పనికొచ్చింది. ‘చొక్కా’ మాత్రం ‘సొక్కా’గా మారినా చొక్కాగానే ఉంది.

ఇక ‘మచ్చాన్’. అసలు అది చుట్టరికం: అక్క భర్త, భార్య సోదరుడు, మన బావా బావమరుదుల్లాగా. కుర్రాళ్ల నోట అది ‘మచ్చి’ అయి స్నేహితుడికి పిలుపైంది. పానగల్ పార్కు దగ్గర ఒకడు నన్ను అలా కేకేస్తే, “అక్కచెల్లెళ్లు లేని నీకు ఈ బావమరిది ఎక్కడ దొరికాడురా?” అన్నారు మా నాన్నగారు. ఇప్పుడు అమ్మాయిలు కూడా ఒకరినొకరు మచ్చి అనుకుంటున్నారు. బావ ఎప్పుడో పోయాడు, ఇప్పుడు మగవాడు కూడా పోయాడు.

మా బ్యాచిలో ఒకడు తన బెంచీ స్నేహితుడి చెల్లెలిని పెళ్లాడాడు. బడిలో ఉన్నన్నాళ్లూ నోరారా మచ్చి అనుకున్న ఆ ఇద్దరూ, నిజంగా బావా బావమరుదులయ్యాక ‘గారు’ అని పిలుచుకుంటున్నారు.