నాలుగున్నర శ్రుతిలో తోడేలు

నిన్న త్యాగరాజ ఆరాధనలో పంచరత్న కీర్తనలు ఐదింటిలో గౌళ రాగానిది చెడగొట్టాను. నాట, ఆరభి, వరాళి, శ్రీరాగం బాగానే వచ్చాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ‘దుడుకు గల’ పల్లవిలో వీణతో పాటు షడ్జం (స) నుంచి రిషభానికి (రి) ఊగుతూ వెళ్ళాల్సిన చోట నా చెల్లో (మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) ఒక్కసారి గుర్రుమని, వణికి, గొంతు పట్టేసింది. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ప్రసాదాల దగ్గర నన్ను ఆపి, “ఏటమ్మా ఆ అరుపు? దానికి తిండి ఏటీ పెట్టి తేలేదా?” అంది. నవ్వేశాను కానీ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. చెల్లో ఏదో ఒక స్వరం మీద ఇలా వణికి అరవడాన్ని తోడేలు (వుల్ఫ్ టోన్) అంటారు. ఈ తోడేలు పీడ వారం కిందటే వదిలిందనుకున్నాను మరి.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కలు. మా వాద్యబృందంలో తొమ్మిదిమందిమి: నాలుగు వయొలిన్లు, రెండు వీణలు, వేణువు, మృదంగం, నా చెల్లో. మాస్టారు విజయనగరం సంగీత కళాశాలలోనే చదువుకున్నారు, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది. వయొలిన్‌లో ఆయనకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బాణీ తప్ప ఇంకోటి ఆనదు. రేడియోలో ఈమని శంకరశాస్త్రి గారి వాద్యబృందం వింటూ పెరిగిన మనిషి కాబట్టి, కింది గొంతు లేనిది బృందమే కాదంటారు. అలా చిన్నప్పుడు వయొలిన్ నేర్చి వదిలేసిన నన్ను పట్టుకుని నలభై దాటాక చెల్లో మోయిస్తున్నారు.

పంచరత్నాలు ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి పాడేవి కాబట్టి మా శ్రుతి నాలుగున్నర. అంటే షడ్జం ఎఫ్ షార్ప్, 185 హెర్ట్జ్ (సెకనుకు 185 కంపనాలు). చెల్లో వాయించేవాళ్ళకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఈ వాద్యానికి తోడేలు సాధారణంగా ఆ చుట్టుపక్కలే కాపురం ఉంటుంది. పై చెక్క తనంతట తాను మోగే స్థాయి, తీగ మోగే స్థాయి ఒకచోటికి వచ్చేసరికి రెండూ కుమ్ములాడుకుంటాయి. ఎక్కడో మూల స్వరం మీద పడితే సర్దుకోవచ్చు. నాకు ఆధార షడ్జం మీదే పడింది. చరణం అయి పల్లవి అందుకునే ముందు రెండు ఆవర్తనాలు షడ్జం మీద నిలబడమని మాస్టారు రాసిచ్చారు. రెండు ఆవర్తనాలు తోడేలుతో నిలబడడమంటే ఏమిటో పడినవాళ్ళకే తెలుసు.

సెప్టెంబరు నుంచి కొలతలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. చెల్లోకు నాలుగు తీగలు, లావు నుంచి సన్నానికి సి, జి, డి, ఎ. ఫోన్‌లో స్పెక్ట్రమ్ (ఏ స్వరం ఎన్ని హెర్ట్జో) చూపించే యాప్ పెట్టి, జి తీగ మీద నెమ్మదిగా జారుస్తూ పోతే 183 దగ్గర మొదలై 187 దాకా వణుకు, 185 దగ్గర పూర్తి అరుపు. రికార్డింగ్ పెద్దది చేసి చూస్తే పది సెకన్లలో 62 ఉబ్బులు, అంటే సెకనుకు ఆరు. డి తీగ మీద అదే స్వరం వాయిస్తే వణుకు ఉంది కానీ సగమే. ఆ రోజు గదిలో తేమ 81 శాతం. తేమ ఎందుకు రాశానో అప్పట్లో నాకూ తెలియదు, మీటరు కొన్నాను కదా అని రాశాను. తర్వాత అదే పనికొచ్చింది.

మొదటి ప్రయత్నం అందరూ చెప్పేదే, మోకాళ్ళతో డొక్కలు గట్టిగా నొక్కడం. చుడీదార్‌లో పని చేసింది. పట్టుచీరలో చెయ్యదు. పట్టు మీద వార్నిష్ చెక్క సబ్బు మీద సబ్బులా జారుతుంది, నొక్కినకొద్దీ చెల్లో పైకి లేస్తుంది. కుచ్చిళ్ళు ఒకవైపు, జరీ అంచు ఒకవైపు. ఆరాధనకు నేత చీర కట్టుకుంటానంటే మా అత్తగారు చూసిన చూపు చూడాల్సింది.

రెండోది, తీగల శ్రుతి మార్చడం. కర్ణాటక వయొలిన్ లాగే పంచమ షడ్జాలే వచ్చేట్టు నాలుగు తీగలూ సర్దాను. పై తీగను 220 నుంచి 185కి దింపితే షడ్జం వేలు పెట్టకుండానే పలుకుతుంది, తీగ సన్నం కాబట్టి తోడేలు దాదాపు లేదు. కానీ అంత దింపితే బిగువు 29 శాతం పోతుంది. తడి బట్టలు ఆరేసిన దండెంలా వేలాడింది. కమాను కాస్త బరువు పెడితే చాలు, శ్రుతి పైకి ఎగబాకేది. ఒక్క సాధన అయ్యాక మాస్టారు ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ మామూలు శ్రుతికి వచ్చేశాను.

మూడోది తీగలు. టంగ్‌స్టన్ చుట్టిన బరువైన జి తీగ తీసేసి హెలికోర్ మీడియం అనే తేలిక తీగ వేశాను. బరువు తగ్గితే పోట్లాట తగ్గుతుందన్న లెక్క నిజమే, వణుకు సెకనుకు ఆరు నుంచి నాలుగుకు వచ్చింది. చెల్లో తీగలు అందరూ ఖరీదు చూసి కొంటారు. మన గమకాలకు మెత్తగా ఉండే తీగే సుఖం అని నా అభిప్రాయం, ఎవరేమన్నా.

నాలుగోది ఇత్తడి గొట్టం, అదే ఎలిమినేటర్, బ్రిడ్జికి అవతల తీగకు బిగించి తోడేలును అణచేది. దీనితో మూడు వారాలు పోయాయి. నాది స్క్రూతో సహా ఏడు గ్రాములు, బంగారం తూచే చిన్న కాటాలో చూశాను. జి తీగకు బ్రిడ్జి (తీగలు ఆనే నిలువు చెక్క) నుంచి టెయిల్‌పీస్ (తీగల అడుగు కొసలు తగిలించే చెక్క) దాకా నా వాద్యంలో 112 మిల్లీమీటర్లు. బ్రిడ్జికి 20 మిల్లీమీటర్ల దగ్గర బిగిస్తే మార్పు లేదు. 35 దగ్గర కొంచెం నయం. 48 దగ్గర జి తీగ మీద తోడేలు మాయమైంది! అప్పుడు ఇంట్లో అందరినీ లేపాను. తెల్లవారి చూస్తే 175 దగ్గర పిల్ల తోడేలు ఒకటి పుట్టింది. మన శ్రుతికి అది కాకలి నిషాదం, అంటే షడ్జానికి ఆనుకుని కిందుండే ‘ని’. నాట, గౌళ, ఆరభి, వరాళి, నాలుగింటిలోనూ ఉన్న నిషాదం. శ్రీరాగానికి అంతకంటే కిందుండే కైశికి నిషాదం కాబట్టి అదొక్కటే బతికిపోయింది. 48ని 46 చేసి, 51 చేసి చూశాను. ఒకటి తగ్గితే ఇంకోటి పెరిగింది. పైగా డి తీగ గొంతు ముక్కుతో మాట్లాడినట్టయింది. తీసి డబ్బాలో పడేశాను.

చెల్లో లోపల పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య నిలబెట్టే పుల్లను, అంటే సౌండ్ పోస్టును, జరిపేవాళ్ళు మా జిల్లాలో లేరు. గిటార్లు బాగుచేసే అబ్బాయి లోపలికి తొంగి చూసి, “మేడమ్, ఇది నేను ముట్టుకోను” అన్నాడు. నిజాయితీ గలవాడు. చివరికి వీణ పిన్నిగారు తన వీణకు మెట్లు వేయించుకోవడానికి బొబ్బిలి వైపు వెళ్తుంటే నేనూ చెల్లో వేసుకుని కారెక్కాను. అక్కడ వీణకు మెట్లు వేసే పెద్దాయన చెల్లోను ఎప్పుడూ చూడలేదు. పడుకోబెట్టి, చూపుడువేలు గోటితో పై చెక్కంతా ఒక్కో అంగుళం కొట్టుకుంటూ వెళ్ళాడు. బ్రిడ్జి కింద, ఎడమ పక్క ఎఫ్ రంధ్రం (ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండే కన్నం) అడుగుకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగాడు. “ఇక్కడ గుండె కొట్టుకుంటాంది” అని, మెట్ల కింద వేసే మైనం ముద్దలోంచి ఉసిరికాయంత చిదిమి వేళ్ళతో పిసికి అక్కడ అద్దాడు. వార్నిష్ పోతుందేమోనని నేను అడ్డుపడి ముందు మాస్కింగ్ టేపు వేయించాను. కమాను పెడితే, షడ్జం నున్నగా పలికింది. పదిహేను వందల రూపాయల ఇత్తడి గొట్టం చెయ్యలేని పని అది. డబ్బులు తీసుకోలేదు, మైనానికి డబ్బులేమిటన్నాడు.

ఇంటికొచ్చి కాటా తీశాను. ముద్ద 9 గ్రాములు. 3 గ్రాములు ఉంచితే తోడేలు 184, 6 ఉంచితే 182, మొత్తం 9 ఉంచితే 180. అంటే కాకలి నిషాదానికీ షడ్జానికీ సరిగ్గా మధ్యలో, మేము ఎవరమూ ఆగని చోట. అక్టోబరు, నవంబరు హాయిగా గడిచాయి.

డిసెంబరు చివర్లో మళ్ళీ మొదలు. మైనం ఉండగానే షడ్జం మీద వణుకు. ఈసారి భయపడకుండా కొలిచాను: మైనంతో 186, మైనం తీసేస్తే 191. తేమ 58 శాతం. అప్పుడు పాత పేజీలు తిరగేస్తే అర్థమైంది. వానాకాలంలో చెక్క నీళ్ళు పట్టి బరువెక్కుతుంది, మెత్తబడుతుంది, స్వరం దిగుతుంది. చలికాలంలో ఆరి బిగుసుకుని పైకి పోతుంది. నమ్మకం కుదరక ఒక రాత్రి పడకగదిలో చెల్లోను పెట్టి ఏసీ నడిపించి మేము హాల్లో పడుకున్నాం. తెల్లారి తేమ 54, తోడేలు 192. కరెంటు బిల్లు సంగతి ఇక్కడ వద్దు.

ఇక్కడే తప్పటడుగు వేశాను. 191 అంటే షడ్జానికి దూరం, 196 దగ్గరుండే శుద్ధ రిషభానికీ దూరం. తోడేలు తనంతట తానే వెళ్ళిపోయింది, మైనం ఎందుకు అని పీకేశాను. వరాళిలో నాకు షడ్జ పంచమాలే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ గౌళ రిషభం మామూలు శుద్ధ రిషభం కంటే ఒక పిసరు కిందే ఉంటుంది, పైగా షడ్జం నుంచి ఊగుతూ వస్తుంది. ఆ ఊపు దారి అంతా 187 నుంచి 194 మధ్యే. వేగంగా దాటిపోతే తోడేలు లేవదు, దానికి లేవడానికి క్షణం పడుతుంది. సాధనలో మేము కాస్త వేగంగానే వాయించాం. నిన్న జనంతో కలిసేసరికి గోష్ఠి నెమ్మదించింది. నేనూ నెమ్మదించాను. అది లేచింది.

డి తీగ మీద వాయించొచ్చు కదా అని అడుగుతారు. అక్కడ షడ్జానికీ రిషభానికీ మధ్య 31 మిల్లీమీటర్లు, జి తీగ పైన 20. నా చిటికెన వేలుకు ఆ పదకొండు మిల్లీమీటర్ల తేడా గమకానికీ కుస్తీకీ ఉన్న తేడా. మరి మైనం పెంచితే? ఇవాళ పొద్దున చూశాను. 191 నుంచి 180కి లాగడానికి 19 గ్రాములు పట్టింది, చెల్లో జలుబు చేసినట్టు పలికింది. శ్రుతి ఐదుకు పెంచుదామా అంటే పిన్నిగారు ససేమిరా. పాడేవాళ్ళు తారస్థాయిలో నన్ను తిట్టుకుంటారు కూడా.

ఇప్పటి ఆలోచన అయస్కాంతాలు. పై చెక్క లోపల ఒకటి, బయట ఒకటి, బటన్ల సైజువి. వాటంతటవే పట్టుకుని ఉంటాయి, బయటిది జరిపితే లోపలిదీ జరుగుతుంది. రాగానికో చోటు గుర్తు పెట్టుకుని నాటకూ గౌళకూ మధ్య మార్చుకోవచ్చని ఆశ. లోపలి అయస్కాంతం ఎఫ్ రంధ్రంలోంచి ఎలా చేర్చాలన్నది చూడాలి, దారానికి కట్టి దింపుతానేమో. బరువు చెరొక 4 గ్రాములకు మించకూడదు. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

మిగతా చిన్న పనులు: బండల మీద ఎండ్‌పిన్ (చెల్లో అడుగున నేలకు ఆనే కడ్డీ) జారడం ఆగింది, మామగారి చేతికర్ర అడుగు రబ్బరు బుడిపె సరిపోయింది. అందరూ కింద కూర్చుంటే నేనొక్కదాన్నే కుర్చీలో ఎత్తుగా కనపడడం మాత్రం అలాగే ఉంది. హిందుస్తానీ సంగీతం వాయించే సాస్కియా రావు కింద కూర్చునే చెల్లో వాయిస్తారు, అది ఆవిడ ప్రత్యేకంగా చేయించుకున్నది. నా బడ్జెట్‌లో కుర్చీ కాళ్ళు రెండంగుళాలు కోయించడమే ఉంది.

శనివారం పిల్లలకు మా వాద్యాలు వినిపించడానికి ప్రభుత్వ హైస్కూలుకు వెళ్ళాలి, ఈ విడతలో మూడో బడి. పోయినసారి నవంబరులో వెళ్ళినప్పుడు పిల్లలకు మైనం ముద్ద చూపించడానికి తీసి, తోడేలును ఒకసారి వినిపించాను. అంతే, మోహన రాగం, వేణువు, మృదంగం అన్నీ మర్చిపోయారు. ఆరో తరగతి పిల్లాడు ఒకడు గేటు దాకా వెంటపడి, “మేడమ్, మేడమ్, ఆ పులి సౌండు మళ్ళీ ఒక్కసారి” అన్నాడు. ఈసారి పిల్లలకు కాటా, ఫోన్ యాప్ కూడా ఇచ్చి, మైనం కొంచెం కొంచెంగా పెడుతూ ఎక్కడ ఆగుతుందో వాళ్ళనే రాయమంటాను. అయస్కాంతాలు అప్పటికి వస్తే అవీ.