మా అమ్మాయి బావ

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ ఎప్పట్లాగే "ఏం చేస్తున్నావే బంగారం" అంటే పదహారేళ్ళ మా అమ్మాయి తనకొచ్చిన తెలుగులో "బావ సినిమా చూస్తున్నా నానమ్మా, బావ అంటే నాకు చాలా ఇష్టం" అంది. అంతే, మా అమ్మ మొహం చూడాలి, కాకినాడలో ఉన్న మా చెల్లెలి కొడుకే అనుకుని అప్పటికప్పుడు ముహూర్తాల దాకా వెళ్ళిపోయింది. ఆ బావ కాదమ్మా, మారియో బావా అని ఇటలీ డైరెక్టరు, దెయ్యాల సినిమాలు తీసేవాడు, 1980లోనే పోయాడు అని చెప్తే "అయ్యో పాపం" అంది, ఎవరికోసమో మరి.

నవ్వుకున్నాం గానీ రాత్రికి గొడవైంది, ఎందుకంటే ఇంట్లో హారర్ చూడకూడదని రూల్ పెట్టింది నేనే. "మన ఇళ్ళల్లో ఇలాంటివి చూడం" అన్నా. "మన ఇళ్ళు అంటే ఎవరివి నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. విఠలాచార్య అస్థిపంజరాలు చూసి పెరిగినవాణ్ణి, ఇదే పిల్లకి బూచాడొస్తున్నాడని చెప్పి పప్పన్నం కుక్కినవాణ్ణి, కాలేజీలో బ్లాక్ సబ్బాత్ టీషర్టేసుకుని తిరిగినవాణ్ణి. ఆ బ్యాండ్ పేరు కూడా ఈ బావా 1963లో తీసిన సినిమా ఇంగ్లీషు టైటిలేనట, అదీ మా అమ్మాయే చెప్పింది.

సరే తప్పులు పట్టుకుందామని పక్కన కూర్చున్నా. 1957లో వచ్చిన ఇ వాంపిరి అనే సినిమాకి ఈయన కెమెరామన్, డైరెక్టర్ మధ్యలో వదిలేసి పోతే మిగతాది ఈయనే పూర్తిచేశాడట. అందులో ఒకావిడ మన కళ్ళముందే ముసలిదైపోతుంది, ఎక్కడా కట్ లేదు. మొహం మీద ముడతలు ఎర్రరంగుతో గీస్తారు, బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్ర ఫిల్టర్ ఉన్నంతసేపూ అవి కనపడవు, ఫిల్టర్ రంగు మార్చేకొద్దీ నల్లగా పైకి తేలతాయి. పదిసార్లు వెనక్కి తిప్పి చూశా, రూల్ సంగతి మర్చిపోయి.

బావా వాళ్ళ నాన్న శిల్పి, మూకీల కాలం నుంచీ కెమెరా, ట్రిక్కు పనులు చేసినవాడు. ఈయన పెయింటర్ అవుదామనుకుని చివరికి నాన్న దారిలోకే వచ్చాడు. నాకు దొరికిందే చాన్సు అని "చూశావా, నాన్న పనే నేర్చుకున్నాడు, నువ్వూ కంప్యూటర్ సైన్స్ తీసుకో" అన్నా. "వాళ్ళ నాన్న పని చూడ్డానికి బాగుంటుంది, నువ్వు మ్యూట్‌లో కూర్చుంటావ్" అంది. "అయినా డైరెక్టర్‌గా తన పేరుతో మొదటి పెద్ద సినిమా వచ్చేసరికి ఆయనకి 46, నాకింకా 30 ఏళ్ళు టైముంది."

వీకెండ్ పార్టీల్లో మా అమ్మాయికి సినిమా పిచ్చండీ అని గొప్పలు పోయేదీ నేనే, ఇంటికొచ్చి సాధించేదీ నేనే. బావా కొడుకు లాంబెర్తో కూడా తండ్రి దగ్గర అసిస్టెంటుగా చేసి డైరెక్టర్ అయ్యాడు, అంటే మూడు తరాలు. మా నాన్న లైన్‌మన్, ఆయన స్తంభాలెక్కడం నేను నేర్చుకోలేదు, నేర్చుకోమని ఆయనా అడగలేదు, నేనేమో విమానం ఎక్కేశా. మరి ఈ పిల్లని ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నానో, అడక్కపోతే నిద్ర ఎందుకు పట్టదో.

నిన్న తను షాక్ అనే సినిమా పెట్టింది, బావాదే, 1977ది. పిల్లాడు ఇంట్లో నడవాలో వాళ్ళమ్మ వైపు పరిగెత్తుకొస్తాడు, దగ్గరకొచ్చి ఫ్రేమ్ కిందకి వంగిపోతాడు, అదే చోట చచ్చిపోయిన వాళ్ళ నాన్న పైకి లేస్తాడు, ఇదీ ఒకే షాట్. నా గుండె ఆగింది. ఇంక మా హాల్లో మొదలెట్టింది, తమ్ముడు పరిగెత్తాలి, కార్పెట్ మీద నక్కి ఉన్న నేను లేవాలి, తన చేతిలో ఫోను, స్టాండుకి పెట్టిన ఐప్యాడ్‌లో మా అమ్మ. నాలుగు టేకులూ నా మోకాళ్ళ వల్లే పోయాయి. "నాన్నా, లేట్‌గా లేస్తున్నావ్, మళ్ళీ" అంటోంది. "వాడికి మోకాళ్ళ నొప్పులే, నెమ్మదిగా చెయ్యనీ" అని కాకినాడ నుంచి మా అమ్మ.