తెనాలి బ్రాంచిలో ఎనిమిది పోర్టులు: నా అనుభవం

1996 జూన్. విజయవాడలో ఒక చిన్న కంప్యూటర్ల కంపెనీలో ఫీల్డ్ ఇంజనీరుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. తెనాలిలో ఒక బ్యాంకు బ్రాంచికి ఏడు టెర్మినళ్లు, అంటే తెర, కీబోర్డు మాత్రమే ఉండే యంత్రాలు, పెట్టి రమ్మని నన్నొక్కణ్ణే పంపారు. అంతకుముందు చేసినవన్నీ సీనియర్ పక్కన నిలబడి చేసినవే. బస్సు దిగేసరికే టెన్షన్ మొదలైంది.

ఆ బ్రాంచికి యంత్రాలు కొత్త కాదు. 1984లో బ్యాంకుల యాంత్రీకరణ మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్యాంకుల్లోకి దిగిన, ఖాతాల లెక్కలు ఎక్కించే లెడ్జర్ పోస్టింగు మెషిన్లు రెండు అక్కడ ఉన్నాయి. కానీ దేని లెక్క దానిదే, ఒకదానికి తెలిసింది రెండోదానికి తెలియదు. ఇప్పుడు కావలసింది మధ్యలో ఒకే సర్వరు, ఏ కౌంటరులో అడిగినా అదే నిల్వ. సర్వరు అంటే ఒక 486 మెషిను, అందులో ఎస్‌సీఓ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. టెర్మినళ్లను దానికి కలిపేది ఎనిమిది పోర్టుల (కేబుల్ తగిలించే చోట్ల) సీరియల్ కార్డు, బిట్లను ఒకదాని వెనక ఒకటి పంపేది. కార్డు లోపల ఉంటుంది. దాన్నుంచి లావుపాటి కేబుల్ ఒకటి బయటికొచ్చి ఒక డబ్బాలో ముగుస్తుంది. డబ్బాకి 25 పిన్నుల కనెక్టర్లు ఎనిమిది. ఏడు వైజ్-60 టెర్మినళ్లకు, ఎనిమిదోది పాస్‌బుక్ ప్రింటరుకి.

ఇలాంటి టెర్మినల్‌కి సొంతంగా ఏమీ తెలియదు. మీట నొక్కితే ఆ అక్షరం తీగలో సర్వరు దాకా వెళ్లి, సర్వరు తిరిగి పంపితేనే తెర మీద కనబడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ఫాల్టులు కూర్చున్నచోటే పట్టుకోవచ్చు.

కార్డు పెట్టడం పెద్ద పని కాలేదు. దాని ఇంటరప్ట్ నంబరు (ప్రాసెసర్ని పిలవడానికి వాడే నంబరు) మెషిను రెండో సీరియల్ పోర్టు నంబరుతో కలిసిపోయి మొదట గుర్తు పట్టలేదు. ఆ రెండో పోర్టుని ఆపేస్తే సరిపోయింది. అసలు పనంతా కేబుళ్లదే. టెర్మినల్, సర్వరు రెండూ 2వ పిన్నులోనే మాట్లాడతాయి, 3వ పిన్నులోనే వింటాయి. అందుకని ఒకవైపు 2 అవతలివైపు 3కి, 3 వెళ్లి 2కి, రెండిటికీ ఉమ్మడి ఎర్తు అయిన 7 మాత్రం తిన్నగా 7కే. అవతలివాడు సిద్ధమా అని చూసుకునే మిగతా హ్యాండ్‌షేక్ పిన్నుల్ని ఎక్కడికక్కడ కలిపేశాను. పదహారు కనెక్టర్లు ఒక మధ్యాహ్నమంతా టంకం పెట్టాను. కరెంటు రెండుసార్లు పోయింది. అటెండర్ బాబాయ్ టార్చిలైటు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

ఇక టెస్టింగు. మా సీనియర్ నేర్పిన పద్ధతి ఒకటుంది. అన్నీ తగిలించేసి ఆన్ చేసి చూడకూడదు, ముక్కముక్కగా చూసుకుంటూ రావాలి. ముందు మల్టీమీటరుతో డబ్బా మీద ఒక్కో పోర్టు 2, 7 పిన్నుల మధ్య వోల్టేజీ చూశాను. ఆర్‌ఎస్-232లో, అంటే ఈ సీరియల్ తీగల ప్రమాణంలో, తీగ ఊరికే ఉన్నప్పుడు మైనస్‌లో ఉండాలి. నాకు మైనస్ పది దగ్గర వచ్చింది, ఎనిమిదింటికీ. తర్వాత 2, 3 పిన్నులు కలిపిన లూప్‌బ్యాక్ ప్లగ్గు పెట్టి, పంపిన అక్షరం తిరిగొస్తోందా అని చూడటం. ముందు డబ్బా దగ్గర, ఆ తర్వాత అదే ప్లగ్గు కేబుల్ చివర. చివరగా టెర్మినల్ వెనక పెట్టి మీటలు నొక్కితే, సర్వరు లేకుండానే అక్షరాలు తెర మీదికి రావాలి. ఈ మూడూ నెగ్గితే, ఇక తప్పు ఉన్నా అది తీగలో కాదు, సెట్టింగులోనే.

ఆ సాయంత్రం అన్ని పోర్టుల్లో లాగిన్ ఆన్ చేసి సర్వరు మళ్లీ స్టార్ట్ చేశాను. మెషిను కదలడం లేదు. ఒక కమాండ్ కొడితే అర నిమిషం. గంటసేపు డిస్కు మీద అనుమానపడ్డాను. విషయం ఏమిటంటే, 6వ పోర్టుకి లూప్‌బ్యాక్ ప్లగ్గు అలాగే వదిలేశాను. సర్వరు ‘లాగిన్’ అని అడుగుతుంది, ఆ మాటే ప్లగ్గులో తిరిగొచ్చి యూజరు పేరుగా చేరుతుంది, పాస్‌వర్డు అడుగుతుంది, అదీ తిరిగొస్తుంది, తప్పని చెప్పి మళ్లీ మొదలు. క్షణం తీరిక లేకుండా తనతో తనే మాట్లాడుకుంటోంది. ప్లగ్గు పీకగానే మెషిను తేలికపడింది. అప్పటినుంచి ఆ ప్లగ్గుకి ఎర్ర రిబ్బను కట్టి పెట్టుకున్నాను.

మర్నాడు టెర్మినళ్లలో లాగిన్ వచ్చింది కానీ వంకరగా వచ్చింది. ఆ ఇంగ్లీషు మాటలో ఎల్, ఓ, ఐ శుభ్రంగా ఉన్నాయి. జీ, ఎన్ ఉండాల్సిన చోట వింత గుర్తులు. స్పీడు తప్పయితే అన్ని అక్షరాలూ చెడేవి. కొన్నే చెడ్డాయంటే పారిటీ, అంటే ఒకట్ల లెక్క సరిసంఖ్యో బేసిసంఖ్యో అయ్యేలా అక్షరానికి చేర్చే తనిఖీ బిట్టు. కాగితం మీద బిట్లు రాసి చూసుకున్నాను. ఎల్‌లో నాలుగు ఒకట్లు, ఓలో ఆరు, ఐలో నాలుగు. జీలో ఐదు, ఎన్‌లో ఐదు. సరిగ్గా బేసి సంఖ్యలో ఒకట్లున్న అక్షరాలే చెడుతున్నాయి. అంటే సర్వరు 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతోంది, టెర్మినల్ 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతోంది. సర్వరులో పోర్టుల సెట్టింగు మార్చాను. ఆ అక్షరాలు సర్దుకున్న క్షణం నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. పుస్తకంలో చదివిన బిట్టు నా కళ్లముందు పని చేయడం అదే మొదటిసారి.

ఆరు టెర్మినళ్లు తయారయ్యాయి. ఏడోది బంగారం లోన్ల గదిలో పెట్టాలి. ఆ గది పెరడు దాటి వెనక బిల్డింగులో ఉంది. కేబుల్ దాదాపు 40 మీటర్లు పట్టింది. ఆర్‌ఎస్-232-సీ ప్రమాణంలో చెప్పిన దూరం 50 అడుగులే, అంటే పదిహేను మీటర్లు. మంచి షీల్డు (తీగల చుట్టూ లోహపు తొడుగు) ఉన్న కేబుల్‌తో అంతకంటే దూరం నడిపినవాళ్లున్నారు, నేనూ ఆ ధైర్యంతోనే లాగించాను. పొద్దున కాసేపు పని చేసింది. మధ్యాహ్నం నుంచి మధ్యమధ్య చెత్త అక్షరాలు. సాయంత్రానికి పూర్తిగా పోయింది. దూరం ఎక్కువైందనుకుని స్పీడు సెకనుకి 9600 బిట్ల నుంచి 4800కి దించాను. ఏమీ మారలేదు. కనెక్టరు తీసి మళ్లీ పెట్టబోతే వేలికి జివ్వుమంది.

అక్కడ ఆగాను. టెర్మినల్ ఇనుప భాగానికీ, సర్వరు నుంచి వచ్చిన కేబుల్ 7వ పిన్నుకీ మధ్య మీటరు పెడితే 38 వోల్టుల ఏసీ. రెండూ ఎర్తే, రెండూ సున్నా దగ్గర ఉండాలి. బాబాయ్‌ని అడిగాను. ‘ఆ గది కరెంటు మీటరు వేరండీ. ఎర్తు తీగ బోరు పైపుకి కట్టారు. ఆ పైపు పోయినేడు తీసేసి ప్లాస్టిక్‌ది వేశారు కదా’ అన్నాడు.

అదీ సంగతి. ఆ గదిలో కూలరు, ట్యూబులైట్లు, టెర్మినల్, అన్నిటి లీకేజీ ఎర్తు తీగ మీదికొచ్చి, భూమిలోకి పోయే దారి లేక, నేను వేసిన డేటా కేబుల్ గుండా సర్వరు ఎర్తుకి పోతోంది. అక్షరాల్ని మోయాల్సిన తీగ కరెంటు మోసింది. డబ్బా విప్పి చూస్తే 7వ పోర్టు 2వ పిన్నులో మైనస్ పది బదులు సున్నా. తీగలోకి సిగ్నల్ పంపే 1488 డ్రైవర్ చిప్ పోయింది. ఆ చిప్‌లో నాలుగు లైన్లకు నాలుగు డ్రైవర్లు, మిగతా మూడూ బతికే ఉన్నాయి. సర్వరు మొత్తం పోకపోవడం అదృష్టం. మనిషికి షాక్ గట్టిగా తగలకపోవడం ఇంకా పెద్ద అదృష్టం. ఆ టెర్మినల్ ముందు కూర్చునేది రోజంతా బంగారం తూచే ఒక పెద్దాయన.

మేనేజరు గారికి మీటరు చూపించి చెప్పాను. రీజనల్ ఆఫీసు అనుమతి దాకా వెళ్తే నెల పడుతుందని, ఆయన చిల్లర మరమ్మతుల కింద అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ‘ఒకటో తారీఖు పెన్షన్ల రోజు. ఆలోపు అయిపోవాలి బాబూ’ అన్నారు. ఎలక్ట్రీషియన్ సర్వరు గది యూపీఎస్ నుంచి వెనక గదికి మూడు తీగల లైను లాగాడు. అంటే రెండు చివరలా అదే ఎర్తు. సర్వరు ఎర్తు గొయ్యి బొగ్గు, ఉప్పు వేసి బాగానే కట్టారు. అందులో నీళ్లు పోయించాను. కేబుల్ షీల్డుని సర్వరు వైపు మాత్రమే ఎర్తుకి కలిపి, అవతల వదిలేశాను. రెండు చివర్లా కలిపితే అది మళ్లీ కరెంటుకి దారి అవుతుంది. ఆ గది పాత లైనుకి కూడా కొత్త ఎర్తు వేయాలని మేనేజరు గారికి కాగితం మీద రాసిచ్చాను.

కొత్త చిప్ విజయవాడ వెళ్లి తెచ్చాను. ఆ రాత్రి ఏడు టెర్మినళ్లకీ ఒకేసారి ఒకే నమూనా వరుసలు పంపుతూ వదిలేశాను, వెనక గదికి కూడా 9600లోనే. తెర నిండితే 1920 అక్షరాలు. ఒక్కో అక్షరానికి పది బిట్లు కాబట్టి ఈ స్పీడులో సెకనుకి 960 వస్తాయి, అంటే రెండు సెకన్లకి ఒక తెర. వరుసలు ఏటవాలుగా పేర్చుకుంటూ పోతాయి కాబట్టి ఒక్క అక్షరం తప్పినా కంటికి తెలిసిపోతుంది. బ్రాంచిలోనే బల్ల మీద పడుకున్నాను. రెండు గంటలకోసారి లేచి ఏడింటి చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా తప్పలేదు.

జూలై 1 సోమవారం. పెన్షన్ల క్యూ గుమ్మం దాకా ఉంది. నేను మాత్రం వెనక గదిలో నిలబడ్డాను. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, ఒక్కో మీట వెతుక్కుంటూ లోన్ నంబరు కొట్టాడు. ఖాతా తెర మీదికొచ్చింది. ఆయన పక్కనున్న పాత లెడ్జరు తెరిచి నిల్వ పోల్చుకున్నాడు. ‘కలిసిందండీ’ అన్నాడు. నేను మీటరు తీసి ఇనుప భాగానికీ 7వ పిన్నుకీ మధ్య ఇంకోసారి పెట్టాను. ఒకటిన్నర వోల్టు. ఆ అంకె, తేదీ, ఏ పోర్టు ఏ కౌంటరుకో కాగితం మీద రాసి, డబ్బా మూత లోపలివైపు అంటించి బిగించాను.