అమ్మకు అప్రూవల్ వచ్చింది

నాలుగు నెలలుగా నడుము నుంచి కాలి దాకా లాగేసే నొప్పితో అమ్మ రాత్రిళ్లు కూర్చునే కునుకు తీసింది. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య ఉండే ఎల్4-ఎల్5 డిస్క్ నరాన్ని నొక్కుతోందట. తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం పరిమితి 2023 డిసెంబర్‌లోనే 10 లక్షలకు పెరిగింది కదా అని ధైర్యంగా వెళ్లాం. మొదటి ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది కానీ, "వెన్నెముకకు కార్డు నడవదు, క్యాష్ అయితే చేస్తాం" అన్నారు. అప్పుడు అమ్మ ముఖం చూడలేకపోయాను. ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేశాకే తెలిసింది, ఆసుపత్రి పేరుంటే చాలదు, ఆ విభాగం కూడా లిస్టులో ఉండాలని. చివరికి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర ఓపిగ్గా కాగితాలన్నీ తీసుకున్నారు. సర్జన్ గారు అమ్మ కాలు మెల్లగా పైకెత్తి చూసి, "భయపడకండమ్మా" అన్నారు. అప్రూవల్ వచ్చింది, మంగళవారం ఆపరేషన్.