సగంలో ఆగిన తోడి

ఉదయం పెళ్ళిలో నాదస్వరం వాయిస్తున్న పెద్దమనిషి "ఏం పాట వాయించల్లమ్మా?" అని నన్ను అడిగాడు. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను మాత్రం ఆ మాటను పట్టుకొని కూర్చున్నాను. అందులో అమర్యాద లేదు, వెటకారం లేదు. పెళ్ళిలో మేళం దగ్గరికి ఎవరు వచ్చి నిలబడినా సినిమా పాట అడగడానికే వస్తారని ఆయనకు అనుభవం నేర్పి ఉంటుంది. ఆ గుంపులో నన్నూ కలిపేశాడన్నదే నా బాధ అని సాయంత్రం దాకా అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే అది కాదేమో అనిపిస్తున్నది.

పెళ్ళి మా ఆడబిడ్డ బావగారి కొడుకుది. కడప ఊరి బయట కొత్తగా కట్టిన కల్యాణ మండపంలో ఏడున్నరకు ముహూర్తం. మా వారు ఎప్పటిలాగే టిఫిన్ల వైపు వెళ్ళిపోయారు, నేను ఎప్పటిలాగే మేళం పక్కన కుర్చీ వెదుక్కున్నాను. రెండు నాదస్వరాలు, ఒక డోలు, తాళం, కరెంటుతో నడిచే శ్రుతిపెట్టె. వేదిక మీద పురోహితుడు ఏవో సర్దుకుంటూ ఉండగా పెద్దాయన తోడి ఎత్తుకున్నాడు. రాగం పోల్చుకోవడానికి మొదటి గాంధారమే సరిపోయింది. తోడిలో ఆ స్వరం ఒక్కచోట నిలబడదు. కిందికీ పైకీ ఊగుతూ ఉంటేనే అది తోడి. నాదస్వరానికి వీణకున్నట్లు మెట్లుండవు, హార్మోనియానికున్నట్లు మీటలుండవు. ఏడు రంధ్రాలను వేళ్ళతో కొంత మూసి కొంత తెరచి, ఊపిరిని బిగించి వదలి, ఆ ఊగును పుట్టించవలసిందే. అడుగున ఉన్న తక్కిన ఐదు రంధ్రాలు వాయించడానికి కావు, అవసరమైతే మైనంతో మూసి శ్రుతి సరిచూసుకోవడానికి. వీధిచివరి దాకా వినబడేందుకు పుట్టిన ఆ కొయ్యవాద్యంలో నుంచి అంత సన్నని స్వరాల మెలిక వస్తుంటే చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

చిరాకు గురించైతే ఎంతైనా రాయగలను. ఆయన మెల్లగా పైకి వెళ్తున్నాడు. ధైవతం మీద కొంతసేపు, నిషాదం మీద మరికొంతసేపు తచ్చాడి, తారషడ్జమం, అంటే పై స, ఇదిగో వచ్చేసింది అనిపించి, దాన్ని తాకకుండానే కిందికి దిగి, మళ్ళీ ఎక్కుతున్నాడు. సరిగ్గా అప్పుడు వీడియో అబ్బాయి వేదిక మీది నుంచి అరచెయ్యి చూపించి "మేళం ఆపన్నా, మైకులో మాట ఇనపడల్యా" అని కేక వేశాడు. పెద్దాయన నోట్లోంచి పీక తీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నాకు మాత్రం వచ్చినట్లే వచ్చి ఆగిపోయిన తుమ్ములాగా ముఖమంతా బిగుసుకుపోయింది.

ఆ అబ్బాయి ఒక్కడి మీదే కోపమంటే అన్యాయమవుతుంది. మండపంలో పదిమంది కూడా వేదిక వైపు చూడటం లేదు. రెండు వైపులా నిలబెట్టిన పెద్ద తెరల మీదనే చూస్తున్నారు. పదడుగుల దూరంలో ఉన్న పెళ్ళికూతురు ముఖాన్ని తెర మీద చూడటానికి మెడలు పక్కకు తిప్పుకొని కూర్చున్నారు. తలల మీదుగా క్రేను కెమెరా ఊగుతూ పోతున్నది. లైటు స్టాండు ఒకటి తెచ్చి సరిగ్గా డోలు ముందర పెట్టారు, డోలాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తాళి కట్టించారు, గట్టిమేళం మోగింది, అక్షింతలు పడ్డాయి. అంతటితో అయిందా అంటే, వీడియో అబ్బాయికి పెళ్ళికొడుకు చేతులు సరిగా పడలేదట. "ఇంగోసారి మెడకాడ చేతులు పెట్టన్నా, మేళం, ఇంగోసారి" అన్నాడు. పెళ్ళికొడుకు కట్టేసిన ముడి మీద మళ్ళీ వేళ్ళు పెట్టి కట్టినట్లు నటించాడు, మేళం మళ్ళీ మోగింది, అప్పటికే చేతులు దులుపుకున్న చుట్టాలు కింద పడిన అక్షింతలను ఏరుకొని మళ్ళీ చల్లారు. పురోహితుడు కూడా నోరు మెదపలేదు.

నేను లేచి మేళం దగ్గరికి వెళ్ళింది అప్పుడే. నన్ను చూడగానే పెద్దాయన అడిగిన మాట పైన రాశాను. "ఇందాక వాయిస్తున్నదే వాయించండి" అన్నాను. ఏది అన్నట్లు చూశాడు. "తోడి" అన్నాను. ఆయన నన్ను ఒకసారి పరకాయించి చూసి, నవ్వి, "అది అయిపాయ కదమ్మా, ఇంగ తలంబ్రాలు" అన్నాడు. అని, తలంబ్రాలకు సరిపోయే సినిమా పాట ఒకటి అందుకున్నాడు. చాలా చక్కగా వాయించాడు కూడా, అది ఒప్పుకోవాలి.

అయిపాయ అంటాడే! షడ్జమం ముట్టనే లేదు. వెనక్కి వచ్చి కూర్చుంటే మా ఆడబిడ్డ నా కళ్ళు చూసి కంగారుపడి, "ఎవరన్నా ఏమన్నా అన్న్యారా వదినా?" అని అడిగింది. పాట విని అంటే నమ్మలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో ఇద్దరు వచ్చి అదే అడిగారంటే ఆమె ఎంతమందికి చెప్పిందో తెలుస్తున్నది. చావుకు ఏడ్చినా, అప్పగింతలకు ఏడ్చినా ఎవరూ కారణం అడగరు. రాగానికి ఏడిస్తే మాత్రం అసలు సంగతి మరేదో ఉందని ఇంటి విషయాలు తవ్వుతారు. అభిమానులమని చెప్పుకొనే మా జాతికి ఉన్న ఒంటరితనమంతా ఇదే. అనుభవించింది నలుగురితో పంచుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది, పంచుకోబోతే పక్కవాళ్ళు జాలిగా చూస్తారు.

చిన్నదానికి ఫోను చేసి చెప్పాను. వైద్యం చదువుతున్న పిల్ల కదా, జాలిపడదు, వివరిస్తుంది. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2011లో ప్రచురించిన పని ఒకటి చెప్పింది. సంగీతం విని ఒళ్ళు గగుర్పొడిచేవాళ్ళను ఏరి, వాళ్ళకు ఇష్టమైన సంగీతమే వినిపిస్తూ మెదడును పరిశీలించారట. డోపమీన్ అనే రసాయనం ఆ గగుర్పాటు క్షణంలో విడుదల కావడం సరే, ఆ క్షణం రాబోతున్నదని మనసు కాచుకొని ఉండే ముందరి ఘడియల్లో కూడా మెదడులోని మరొక భాగంలో విడుదలవుతున్నదని తేలిందట. "అంటే అమ్మా, నీకు ఎదురుచూపు దక్కింది, ఫలితం దక్కలేదు, అంతే" అని తేల్చింది. అంతేనట! మా వారి సలహా ఇంకా తేలిక. "యూట్యూబులో తోడి కావలసినంత ఉంది, పెట్టుకొని వినరాదూ" అన్నారు.

పెట్టుకున్నాను. తోడికి నాదస్వరంలో పెద్దపేరైన టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) గారిదే పెట్టుకున్నాను. అది ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ వాలుతుందో నాకు కంఠతా వచ్చు. విన్నంతసేపూ బాగుంది, అయిపోగానే ఉదయపు వెలితి ఉన్నచోటనే ఉంది. ఒకరు సగంలో వదిలిన వాక్యాన్ని ఇంకొకరు, ఎంత గొప్పవారైనా, పూర్తి చేయలేరు కాబోలు. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఆ కాలపు గ్రామఫోను పళ్ళెం ఒక వైపున పట్టేది మూడు నాలుగు నిమిషాలు. గంటలకొద్దీ రాగం వాయించగల మనిషి ఆ యంత్రం ముందర కూర్చొని, యంత్రం ఆపమన్నచోట ఆపినందువల్లనే ఈ రోజు కడపలో నా చెవిదాకా వచ్చాడు. ఆ రికార్డింగు యంత్రానికి దండం పెట్టే నేను వీడియో అబ్బాయిని తిట్టడానికి ఏ మాట వెదుక్కోవాలి?

ఇక్కడ మా నాయన గుర్తుకు వచ్చాడు. ఆయనకు పద్యనాటకాల పిచ్చి, అందులోనూ కాటిసీను అంటే మరీ. శివరాత్రికో తిరునాళ్ళకో చుట్టుపక్కల ఏ ఊళ్ళో హరిశ్చంద్ర వేసినా నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని తీసుకుపోయేవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో జాషువా గారి శ్మశానపు పద్యాలు కలిపి పాడటం మన రంగస్థలం మీద స్థిరపడిన అలవాటు. అవి ఆ నాటకంలోవి కావని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. తెల్లవారుజామున కాటిసీను వచ్చేది. హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకొని పద్యం ఎత్తుకొని, ఆఖరి పాదంలో రాగం తీసి తీసి వదిలేసరికి మా నాయన తువ్వాలు గాలిలో తిప్పుతూ "వన్స్ మోర్" అని అరిచేవాడు. ఆయన అరిస్తే ఇంకో పదిమంది అరిచేవాళ్ళు. దుఃఖంలో మునిగి ఉన్న హరిశ్చంద్రుడు చటుక్కున తేరుకొని, జనానికి దండం పెట్టి, హార్మోనిస్టు వైపు చూసి, మొదటి పాదం నుంచి మళ్ళీ అందుకునేవాడు. ఈలోగా ఎవరో వేదిక ఎక్కి ఆయన చొక్కాకు నోటు గుచ్చేవారు, హార్మోనిస్టు మైకులో ఆ దాత పేరు, ఊరు, నోటు విలువ చదివేవాడు. అవతల చంద్రమతి కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకొని ఓపికగా కాచుకొని ఉండేది. ఒకసారి లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడు చచ్చిపడి ఉండీ దోమ కుట్టిన కాలును బరబరా గోక్కోవడం నేను చూశాను, నవ్వాను, నాయన నా నెత్తిన మొట్టాడు. ఆ దోమ గాని, ఆ నోటు గాని, ఆ మైకు గాని ఆయనకు అడ్డం రాలేదు. రెండోసారి పాడినప్పుడు మొదటిసారి కంటే ఎక్కువ ఏడ్చాడు. మా అమ్మ మాత్రం "నాటకానికి ఏడ్సే మనిషికి ఇంట్లో ఏడుపులు యాడ కనపడతాయి" అనేది. ఆ మాటలో ఉన్న న్యాయం పెళ్ళయ్యాక నాకు వేరే దారిలో అర్థమైంది, అది ఇంకో రోజు.

ఆ వన్స్ మోర్‌కూ, వీడియో అబ్బాయి ఇంగోసారికీ తేడా ఏమిటో ఇందాకటి నుంచి వెదుకుతున్నాను. నాటకం నడకను తెగ్గొట్టడంలో మా నాయన ఏమాత్రం తక్కువ తినలేదు. ఆయన అడిగింది ఆ పద్యం మీది ఆకలితో, అప్పటికప్పుడు, తన కోసం. వీడియో అడిగేది ఎప్పుడో, ఎక్కడో కూర్చొని చూడబోయే మనుషుల కోసం. తేడా ఇదే అని రాసుకొని తృప్తిపడ్డాను గాని, ఆ తృప్తి నిలవలేదు. ఆ పెళ్ళికూతురు ఇంకో ముప్పై ఏళ్ళకు ఆ వీడియో పెట్టుకొని, అందులో తన పక్కన నిలబడిన తల్లిని చూసి ఏడవదని నేనెలా చెప్పగలను? అప్పుడు ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు కూడా "ఎవరన్నా ఏమన్నా అన్న్యారా" అనే అడుగుతారేమో.

పైగా నాదస్వరానికి నిశ్శబ్దం కావాలన్న పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకుంటే, అది పెళ్ళిళ్ళ నుంచి రాలేదు, రికార్డుల నుంచీ సభల నుంచీ వచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా గారు కచేరీ వేదిక మీద కూర్చొని వాయిస్తే జనం ఊపిరి బిగబట్టి విన్నారు, నిజమే. ఐతే ఆ వాద్యం అంతకుముందు ఎంతోకాలంగా దేవుడి పల్లకీ ముందర నడుస్తూ, కొబ్బరికాయల చప్పుడులో, పిల్లల ఏడుపుల్లో వాయించబడినదే. గట్టిమేళం ఉన్నదే తాళి కట్టే వేళ అశుభమైన మాట చెవిన పడకుండా కప్పేయడానికి అంటారు. పురోహితుడు చెయ్యి ఎత్తగానే ఎంత గొప్ప రాగమైనా నడుమనే తెగిపోవలసిందే. అంటే వీడియో అబ్బాయి పుట్టకముందు నుంచీ పెళ్ళిలో తోడి సగంలో ఆగుతూనే ఉంది. పెద్దాయన అయిపాయ అన్నది విసుగుతో కాదు, ఆయన పనిలో అది నిజంగా అయిపోవడమే. పూర్తి కాలేదన్న లెక్క నాది.

ఇంతదాకా ఒప్పుకున్నాను. ఐనా ఆ లైటు స్టాండును డోలు ముందర పెట్టడాన్ని మాత్రం ఎన్ని వాదాలు తెచ్చినా ఒప్పుకోను. రెండు గంటలసేపు ఆ డోలాయన తన జోడు వాయించేవాళ్ళ ముఖం కనబడక, మెడ చాచి చాచి చూసుకుంటూ వాయించాడు. దానికి పరంపర లేదు, అవసరం లేదు, ఒక్క చెయ్యి వేసి పక్కకు జరిపితే పోయేది.

వచ్చేటప్పుడు మేళంవాళ్ళ ఫోను నంబరు అడిగి తీసుకున్నాను. పడుకోబోయే ముందు మా వారితో చిన్నదాని పెళ్ళికి ఆ పెద్దాయననే పిలవాలనీ, ముహూర్తానికి ముందు గంటసేపు ఆయన ఇష్టమొచ్చిన రాగం ఇష్టమొచ్చినంతసేపు వాయించుకోవాలనీ, అంతసేపూ వీడియోవాళ్ళను టిఫిన్లకు పంపాలనీ చెప్పాను. ఆయన దుప్పటి కప్పుకుంటూ "ముందు పిల్ల పెళ్ళికి ఒప్పుకోనీ" అన్నారు. చిన్నదానికి సందేశం పెడితే ఈ వేళప్పుడు కూడా మేలుకొని ఉండి వెంటనే జవాబిచ్చింది. మేళం సరేనట, ముందురోజు రాత్రి డీజే మాత్రం ఉండి తీరాలట. ఎంత ఖర్చవుతుందో తెలుసా అని అడిగితే, పద్యం పాడినవాడి చొక్కాకు తాత ఎన్ని నోట్లు గుచ్చి ఉంటాడో లెక్క చెప్పమంటున్నది.