మంచుదారి, ఎర్రమట్టి దారి

మా అమ్మాయి పుట్టి పెరిగింది అమెరికాలోని డులూత్‌లో. సుపీరియర్ సరస్సు ఒడ్డున కొండవాలు మీద వెలసిన ఆ ఊరు ఇనుప ఖనిజాన్ని ఓడలకెత్తే రేవు. బైలదిల్లా ఖనిజం రైళ్లలో వచ్చి చేరే విశాఖపట్నంలో పెరిగిన నాకు అది మొదటి నుంచీ పరాయి ఊరనిపించలేదు. తేడా అంతా చలికాలంలోనే. అప్పుడు అక్కడి పిల్లలు గడ్డకట్టిన అడవి దారుల్లో మౌంటెన్ బైకులు, అంటే కొండదారుల సైకిళ్లు, తొక్కుతారు.

ఆ విద్యను మా అమ్మాయి శ్రద్ధగా నేర్చుకుంది. గట్టి మంచు మీద మామూలు టైరు నిలవదు కనుక టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులున్న టైర్లు వేస్తారు. మలుపులో బండిని వాల్చకూడదు. ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం కష్టం కాబట్టి ముందు బ్రేకు జోలికి పోకుండా వెనక బ్రేకును మెల్లగా వాడాలి. తడిసిన చెట్టువేళ్లను ఏటవాలుగా కాక నేరుగా, బ్రేకు పట్టకుండా దాటాలి. కింద నుంచి కూడా గాలి తగిలే చెక్క వంతెనలు నేల కంటే ముందే గడ్డకడతాయి. ఉష్ణోగ్రత పడిపోతే టైరులో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది కనుక ఇంట్లో చూసుకున్న లెక్క బయట పనికిరాదు.

వీటన్నిటి కంటే నాకు నచ్చిన నియమం ఇంకొకటి ఉంది. వసంతంలో మంచు కరిగి నేల మెత్తబడినప్పుడు, ఆ దారులను స్వచ్ఛందంగా తవ్వి బాగుచేసేవారు వాటిని మూసివేస్తారు. టైరు గాడి పడుతోందంటే వెనక్కి తిరగవలసిందే. గాడిలో నీరు పారుతుంది, పారిన నీరు దారిని కోస్తుంది.

జూలైలో సింహాచలం కొండ కింద అడివివరంలోని మా నాన్నగారింటికి వచ్చినప్పుడు, వానలోనే కొండదారి తొక్కుతానని అమ్మాయి పట్టుబట్టింది. మంచు మీదే తొక్కినదానికి వాన ఒక లెక్కా అన్నది దాని ధీమా. మా అమ్మ భయపడింది. నాన్నగారు మాత్రం వద్దనలేదు. "పైకి ఆరినట్టుంటుంది గానీ ఎర్రమట్టి లోపల మెత్తగానే ఉంటుంది తల్లీ. చెట్టునీడన రాళ్లకు పట్టిన పాకుడు ఎండొచ్చినా వదలదు" అన్నారు. ఆషాఢ పౌర్ణమికి జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణను వానల్లో చెప్పులు లేకుండా ఏళ్ల తరబడి చేసిన మనిషి ఆయన. ఎక్కడ కాలు జారుతుందో ఆయన పాదాలకు తెలుసు.

మరునాడు ఆయనే దాన్ని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్లారు, సైకిలు లేకుండా. గాలికి చేరిన ఇసుకను వాననీరు వేల ఏళ్లుగా కోసుకుంటూ పోతే ఏర్పడిన లోతైన గండ్లవి. మెత్తని నేలలో నీటికి తోవ దొరికితే ఏమవుతుందో అక్కడ కళ్లకు కడుతుంది. డులూత్‌లో తాను పాటించే నియమానికి కారణం ఇంత పెద్దదిగా ఎదురుగా ఉండడంతో, మాకెవరికీ చెప్పవలసిన అవసరం లేకుండానే అమ్మాయి కొండదారి ఆలోచన మానుకుంది. ఆ సెలవుల్లో తారురోడ్ల మీదే తొక్కింది.

పిల్లలకు మన ఊరిని పరిచయం చేయడమంటే పండుగలూ పిండివంటలూ మాత్రమే అనుకునే తల్లిదండ్రులను విదేశాల్లో చాలామందినే చూశాను. అవీ ముఖ్యమే. కానీ పిల్లలు ప్రాణం పెట్టే పనిలో తాతకు తెలిసినది వాళ్లకు నిజంగా అవసరమైనప్పుడు పుట్టే గౌరవం వేరు. పెద్దల మాట వినమని నేను ఎన్నోసార్లు చెప్పాను, "ఏ నేల ఎన్నాళ్లకు ఆరుతుంది తాతయ్యా?" అని అది తనంతట తాను అడగడం మాత్రం ఆ జూలైలోనే మొదలైంది.

వచ్చేసారి వానలు వెళ్లాక డిసెంబరులో రావాలని, చలికి పేరుపడ్డ లంబసింగి వైపు వెళ్లాలని తాతామనుమరాళ్లు ఇప్పటికే నిర్ణయించుకున్నారు. మేకుల టైర్లు తెస్తానంటే నాన్నగారితో కలిసి నేనూ వద్దన్నాను. తారు మీద, ఉత్త రాతి మీద అవి పట్టు తగ్గించడమే కాక తొందరగా అరిగిపోతాయి.