వాన పడేలోపు

2019 జూన్ ఆఖరు వారంలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలం అడవిలో ఒక గొత్తికోయ గుంపుకి, అంటే వాళ్ల చిన్న ఊరికి, మా సంస్థ తరఫున మేకలు పంచాం. పదకొండు ఇళ్లు, ఇంటికి రెండు చొప్పున. ట్రాక్టర్ లోపలికి పోదు కాబట్టి వాగు దగ్గర దించేసి మిగతా మూడు కిలోమీటర్లూ తోలుకుంటూ వెళ్లాం. పిల్లలు ముందు పరిగెత్తారు. ఆ రోజు తీసిన ఫొటోల్లో అందరం నవ్వుతూ ఉన్నాం. అప్పటికి తొలకరి పడి పది రోజులైంది, అడవంతా లేత పచ్చిక.

జూలై రెండో వారానికి ఇరవై రెండింటిలో తొమ్మిది చచ్చిపోయాయి. సాయంత్రం దాకా గంతులేసిన మేక తెల్లారేసరికి కాళ్లు బిగదీసుకుని పడి ఉండేది.

చిటుక రోగం అది. మేకలు కాసే ఎవరినడిగినా చెబుతారు, వానలు మొదలై కొత్త గడ్డి మొలిచినప్పుడే వస్తుందని, టీకా ఎండల్లోనే వేయించాలని. టీకా వేశాక అది పట్టడానికి రెండు వారాలైనా పడుతుంది. ఈ సంగతి మాకు తెలియక కాదు. ఏప్రిల్‌లో కొని మేలో టీకాలు వేయించాలని కాగితం మీద రాసుకున్నది నేనే. డబ్బు మంజూరయ్యేసరికి మే నెల దాటిపోయింది. జూన్ 30 లోపు ఖర్చు చూపించకపోతే వెనక్కి పోతుందన్నారు. సరే అని సంతలో దొరికినవి కొన్నాం. బిల్లు మీద సంతకం నాదే.

చచ్చిన మేక పక్కన కూర్చున్న ఒక అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు కోయ మాట అప్పటికి సరిగా రాదు. నాతో వచ్చిన తమ్ముడు, పక్కూరి కోయ పిల్లాడు, ఆమె మెల్లగా చెప్పినదాన్ని తెలుగులో చెప్పాడు. "అక్కా, వానకి ముందు తెస్తే బాగుండేదంట." అంతే. ఆరేళ్లుగా ఈ పని చేస్తూ నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

గొత్తికోయలు అని మనం అంటాం. మురియాలు అని కూడా అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా, దంతెవాడ వైపు నుంచి వచ్చినవాళ్లు. మిరప కోతలకి గోదావరి దాటి రావడం వాళ్లకి ముందునుంచీ ఉన్నదే. కానీ 2005 జూన్‌లో బీజాపూర్ వైపు, మావోయిస్టుల మీదికి గిరిజనులనే దించిన సల్వాజుడుం మొదలయ్యాక వచ్చినవాళ్లు కూలికి రాలేదు, పారిపోయి వచ్చారు. ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరంలో ఉండలేక, అడవిలో రెండు తుపాకుల మధ్య బతకలేక, పిల్లల్ని చంకనెత్తుకుని ఇటు నడిచారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం తప్పని, గిరిజన యువకులకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికి ఇక్కడ పుట్టిన పిల్లలు అంబలి తాగే వయసుకొచ్చారు.

వాళ్లు ఇక్కడ ఏమవుతారన్నది ఇప్పటికీ తేలలేదు. ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. అక్కడ ఎస్టీ అయినవాడు సరిహద్దు దాటితే ఆ హోదా వెంట రాదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కి ముందే ఆ భూమి సాగులో ఉండాలి. వీళ్లలో ఎక్కువమంది ఆ తారీఖు తర్వాతే వచ్చారు. కాబట్టి కొట్టుకున్న పోడుకి పట్టా రాదు. పట్టా లేని చేను ఎప్పుడైనా పోవచ్చు. ఏటా విత్తనం చల్లేటప్పుడు కోస్తామో లేదో తెలియకుండానే చల్లుతారు. అడవి నరుకుతున్నారని వాళ్ల మీద కోపం ఉన్నవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. అడవి పోకూడదని నేనూ అనుకుంటాను. కానీ ఆ చేను తీసేసిన మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందో చూసి వచ్చాక, మొదటి మాట అడవి గురించి మాట్లాడటం నావల్ల కావడం లేదు.

మేం ఇంటింటికీ పట్టుకెళ్లే ఫారం ఒకటుంది. ఆహార వినియోగ స్కోరు అంటారు. ప్రపంచమంతా శరణార్థి శిబిరాల్లో వాడేది అదే. గత ఏడు రోజుల్లో అన్నం లాంటివి ఎన్ని రోజులు తిన్నారు, పప్పు ఎన్ని రోజులు, కూరగాయలు, పళ్లు, మాంసం, పాలు, నూనె, చక్కెర ఎన్ని రోజులు అని అడగాలి. ఒక్కోదానికి ఒక్కో బరువు ఉంటుంది. అన్నానికి 2, పప్పుకి 3, మాంసానికి 4, పాలకి 4. కూరగాయలకీ పళ్లకీ ఒక్కోటి. నూనెకీ చక్కెరకీ అర. అన్నీ కలిపి 21 దాటకపోతే ఆ ఇంటి తిండి అధ్వాన్నం అని లెక్క. 35 దాటితే ఫరవాలేదు.

పాల గడి దగ్గర ప్రతి ఇంట్లోనూ సున్నా వచ్చేది. నేను మధిర దగ్గర గేదెలున్న ఇంట్లో పుట్టాను. పొద్దున్నే పాలు పితికే చప్పుడుతో నిద్ర లేచిన దాన్ని. వీళ్ల గుంపులో ఆవులున్నాయి, అయినా పాలు సున్నా. మూడో ఇంట్లో ఆగలేక అడిగేశాను, ఆవు ఉంది కదా అవ్వా, పాలు ఎందుకు పిండరని. ఆమె నన్ను వింతగా చూసింది. "అవి దూడవి కదా" అంది. వాళ్లు ఆవుని దున్నడానికి పెంచుతారు, పండగకి కోస్తారు, పాలు మాత్రం దూడకి వదిలేస్తారు. ఫారంలో ఆ సున్నాని నేను పేదరికం కింద రాసుకుంటున్నాను.

అదే ఫారంలో ఎక్కడ రాయాలో తెలియనివి చాలా ఉన్నాయి. వెదురు కొమ్ములు, వానకి మొలిచే పుట్టగొడుగులు, తవ్వుకొచ్చే దుంపలు, ఎర్రచీమల పచ్చడి, పొలంలో పట్టిన ఎండ్రకాయలు. ఇప్పపువ్వు ఏ గడిలో వేయాలి? పువ్వు కాబట్టి కూరగాయా, ఎండబెట్టి ఉడికించి కడుపు నింపుకుంటారు కాబట్టి అన్నమా? ఫోన్ చేసి అడిగితే ఆఫీసులో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఇంకో ఇబ్బంది, ఏడు రోజుల లెక్క ఏ నెలలో తీశామన్నది. పంట ఇంటికొచ్చిన పుష్యంలో ఆ ఇంటికెళితే స్కోరు నలభై దాకా వస్తుంది. శ్రావణంలో అదే ఇంటికెళితే పద్దెనిమిది. మా బేస్‌లైన్ సర్వే, అంటే పని మొదలుపెట్టే ముందు చేసే సర్వే, జనవరిలో చేశాం, ఎందుకంటే అప్పుడు దారులు ఆరి ఉంటాయి, బండి పోతుంది. ఆకలి ఉన్న నెలలో మేమే అక్కడ లేం.

వాళ్ల ఏడాది ఇలా నడుస్తుంది. ఎండలు ముదిరేటప్పుడు ఇప్పపువ్వు రాలుతుంది. చెట్టు కింద ఆకులు కాల్చి శుభ్రం చేసుకుని, తెల్లారకముందే బుట్టలు పట్టుకుని వెళ్తారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గోదావరి ఒడ్డున మిరప కోతలు. మేలో తునికాకు, యాభై ఆకులు ఒక కట్ట, సాయంత్రం కల్లానికి తెచ్చి లెక్కపెట్టించుకోవాలి. ఈ మూడింటి డబ్బుతోనే బట్టలు, ఉప్పు, అప్పు అన్నీ. జూన్‌లో పోడులో చల్లకం. కోత కార్తీకం, మార్గశిరాల్లో. మధ్యలో ఆషాఢం చివర నుంచి భాద్రపదం దాకా చేతిలో డబ్బుండదు, గాదెలో గింజ ఉండదు, వాగులు పొంగి కూలికి పోయే దారి ఉండదు. మలేరియా వచ్చేదీ అప్పుడే. ఒంట్లో జ్వరం, ఇంట్లో నూకలు కలిపిన పల్చటి జావ. పిల్లల జబ్బకి టేపు చుట్టి కొలిస్తే ఎరుపు, అంటే 11.5 సెంటీమీటర్లకంటే తక్కువ, తీవ్రమైన పోషకాహార లోపం, నేను చూసినవన్నీ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. మార్చిలో ఒక్కటి కూడా చూడలేదు.

రేషన్ లేదా అని అడుగుతారు. కొందరికి ఉంది. ఆధార్, ఓటు, రేషన్ కార్డు వచ్చిన గుంపులు ఉన్నాయి. ఆ కార్డు కోసం ఊరి పెద్దలు ఏళ్ల తరబడి తిరిగారు. మనిషికి ఆరు కిలోల బియ్యం. ఐదుగురున్న ఇంటికి ముప్ఫై కిలోలు. అడవిలో రెక్కల కష్టం చేసే ఇంట్లో, కూరలు తక్కువ కాబట్టి, రోజుకి రెండు కిలోలు ఉడుకుతుంది. పదిహేనో తారీఖుకి అయిపోతుంది. అదైనా తెచ్చుకోవాలంటే ఎనిమిది కిలోమీటర్లు నడిచి వెళ్లి మిషన్ మీద వేలు పెట్టాలి. మిరపకాయలు కోసీ కోసీ వేళ్లు మండి, తోలు లేచిపోయి, ముద్ర పడదు. కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టి, పది వేళ్లూ అయిపోయాక రేపు రమ్మంటారు. ఒక తల్లి రెండుసార్లు అలా తిరిగి, మూడోసారి కొడుకుని తీసుకెళ్లి వాడి వేలితో తెచ్చుకుంది. రోజు కూలి మూడుసార్లు పోయింది.

ఉపాధి హామీ పని కూడా అంతే. 2023 జనవరి 1 నుంచి పని దగ్గర రోజుకి రెండుసార్లు ఫోన్ యాప్‌లో ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ గుట్టెక్కితే గానీ దొరకని చోట ఆ ఫొటో ఎప్పుడు ఎక్కుతుందో అని మేట్‌కి టెన్షన్, మస్టర్‌లో పేరు పడిందో లేదో అని కూలీకి టెన్షన్.

2020 ఏప్రిల్ గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. లాక్‌డౌన్‌లో కోతలు ఆగాయి, కూలీలు తోటల్లోనే ఉండిపోయారు. ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్‌కి అడవి దారిన బయలుదేరిన పన్నెండేళ్ల పాప మూడు రోజులు నడిచి ఇంటికి చేరకుండానే చనిపోయింది. ఆ దారి నాకు తెలుసు. ఆ వయసు పిల్లలు మిరప సాళ్లలో ఉంటారని కూడా మా అందరికీ తెలుసు. ఆ వారం మేం బియ్యం, పప్పు, నూనె సంచులు కట్టాం. పాసుల కోసం తిరిగాం. సంచులు గుంపులకి చేరాయి. దారి మీద ఉన్నవాళ్లకి మాత్రం చేరలేదు.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారు, దాని మీద ఇంకో పద్దెనిమిది అడుగులు. గుంపులు ఎత్తు మీద ఉంటాయి కాబట్టి మునగలేదు. అందుకే సాయం జాబితాలో కూడా లేవు. కానీ రోడ్లన్నీ మునిగాయి, రేషన్ డిపోకి బియ్యం రాలేదు, ఒడ్డు పొలాల్లో దొరికే నాట్ల పనీ పోయింది. మునగని ఇళ్లలో పది రోజులు ఆకలి.

ఆ వరద తర్వాతే, నాకు మేకల సంగతి చెప్పిన అవ్వని కూర్చోబెట్టి అడిగాం, మీకు ఏం కావాలి అని. నేను సోలార్ లైట్ అంటుందనుకున్నాను, కుట్టుమిషన్ అంటారేమో అనుకున్నాను. ఆమె లేచి ఇంట్లోకి వెళ్లి ఒక సొరబుర్ర తెచ్చింది. అందులో సామలు, కొంచెం జొన్న, అనపగింజలు, బూడిద కలిపి దాచినవి. సరిహద్దు దాటిన రోజు నడుముకి కట్టుకుని తెచ్చిన విత్తనం తాలూకు గింజలట, ఏటా వేసి ఏటా తీసి పెట్టుకుంటోంది. "విత్తనం మా దగ్గర ఉంది. శ్రావణంలో దాన్ని తినేయకుండా ఉండాలి." అదీ ఆమె అడిగింది.

మేం అంతకు ముందు ఏడాది వాళ్లకి ప్యాకెట్ కూరగాయ విత్తనాలు పంచాం. ఆ బుర్ర అదే ఇంట్లో ఉండగా.

అలా మొదలైంది గింజల నిధి. పన్నెండు క్వింటాళ్ల వడ్లు మేం కొని పెట్టాం. నేలకి అడుగున్నర ఎత్తున వెదురు గాదె వాళ్లే కట్టి, పేడతో అలికారు. శ్రావణంలో అడిగిన ఇంటికి యాభై కిలోలు. కోతయ్యాక యాభై ఐదు తిరిగి వేయాలి. మేం అరవై అన్నాం, ఆడవాళ్లు ఒప్పుకోలేదు. షావుకారు లెక్కలా ఉందన్నారు. తాళం ఎవరి దగ్గర ఉండాలని నేనడిగితే చాలాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, తాళం వద్దన్నారు. తాళం చెవి ఉన్న ఇంటితో మిగతా ఇళ్లకి గొడవ వస్తుందట. గాదె గుంపు మధ్యలో, అందరి కళ్ల ముందు ఉంటుంది. మొదటి ఏడాది ఎలుకలు కొంత తిన్నాయి, రెండిళ్లు తిరిగి వేయలేకపోయాయి, ఒక ఇంటాయనకి మలేరియా ముదిరి భద్రాచలం ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఆయనకి వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. నేను రిపోర్టులో దాన్ని బకాయి అని రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగారు. ఆ ప్రశ్నకి రెండు పేజీల జవాబు రాశాను.

ఇప్పటికి మూడు శ్రావణాలు గడిచాయి. గాదెలో పద్నాలుగు క్వింటాళ్ల దాకా ఉంది. దానివల్ల ఆకలి పోయిందని చెప్పను. యాభై కిలోలు ఒక నెల కూడా పూర్తిగా రావు. కానీ విత్తనం తినేసిన ఇల్లు రెండేళ్లుగా లేదు. మిరప మేస్త్రి దగ్గర శ్రావణంలో అడ్వాన్స్ తీసుకుని, జనవరిలో సగం కూలికి పోవాల్సి వచ్చే ఇళ్లు ఏడు ఉండేవి. పోయిన ఏడాది రెండే.

మేకలు మళ్లీ తెచ్చాం. ఈసారి మార్చిలోనే, దగ్గరి ఊళ్లలో పెరిగినవి, ఈ అడవి మేతకి అలవాటు పడ్డవి. డబ్బు ముందు నెలల్లోనే కావాలని, లేకపోతే ఆ పద్దు మాకు వద్దని రాసి పంపాను. ఆ ఉత్తరం రాసేటప్పుడు భయం వేసింది, నిజంగానే వద్దంటారేమోనని. ఇచ్చారు.

మే రెండో వారంలో టీకాలు. పశువుల ఆసుపత్రి నుంచి వచ్చిన అతను ఐస్ డబ్బా భుజానికి తగిలించుకుని బండి మీద వాగు దాకా, అక్కణ్ణుంచి నడిచి, ఏడింటికల్లా వచ్చేశాడు. ఎండ ఎక్కితే మందు పాడవుతుందని తొందరపెట్టాడు. మేకల్ని ఇప్పచెట్టు కింద తాడు కట్టి వరసగా నిలబెట్టాం. ఒక్కో ఇంటివాళ్లు తమ మేక చెవులు పట్టుకున్నారు. అవ్వ నా పక్కనే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగు ఉండాలి, ముప్ఫై ఉన్నాయి. నాలుగు తెల్లారకముందే లోపలికి మేతకి పోయాయట. డబ్బాలో ఐస్ ఇంకో గంట ఆగుతుందన్నాడు అతను. పిల్లలు అప్పటికే అరుచుకుంటూ అడవిలోకి పరిగెత్తారు.